కాముడి మీద పడిన గిలక

ఉదయం ఆరూ పది నిమిషాలకు మా నాయన బావి నీళ్లు తోడే కపిలకు ఎద్దులను కట్టాడు. హిందూపురం రైలు అందుకోవాలని గడియారం చూసుకుంటూ ఉన్నాను కాబట్టి ఆ సమయం నాకు గుర్తుంది. ధనుర్మాసపు చలి. పెనుకొండ కొండ సగం దాకా మంచులో ఉంది. కోటగోడ వెనక మా తోటలో, బావి గట్టున, ఆయన తలకు తువ్వాలు చుట్టుకొని, ఎద్దులు వాలు దిగుతుంటే మోకు మీద కూర్చున్నాడు. పైన దూలానికి బిగించిన కొయ్య గిలక కిర్రుమంటూ తిరిగింది. నిండిన తోలు బాన బావిలోంచి లేచి కాలువలో నీళ్లు వదిలింది.

“శనివారం వస్తావు గదా పాపా?” అన్నాడు.

“వస్తా నాయనా.”

“వచ్చేటప్పుడు ఆముదం తీసుకురా. గిలక మరీ కూస్తాండాది.”

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. హిందూపురంలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మను. వారమంతా అక్కడ అద్దె గదిలో ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేదాన్ని. ఆ వారం శనివారం దాకా ఆగలేదు. గురువారం మధ్యాహ్నం తోటలోనే నాయన గుండె ఆగింది. కబురు అందగానే దొరికిన బస్సెక్కి వచ్చాను. ఆముదం తేలేదు.

పోవడానికి పదిహేను రోజుల ముందు ఆయన అరెకరం రాగి నాటాడు. దినాలు అయిపోయిన మరునాడు మా చిన్నాయన ఆ పైరు మాట ఎత్తాడు. ఆయన నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు, చెడ్డవాడు కాదు.

“వదినా, ఎద్దులు అమ్మేద్దాం. పైరు ఎట్ల పోతే అట్ల పోనీ. ఆడమనిషి కపిల తోలేది యాడన్నా ఉండాదా? నలుగురూ ఏమనుకుంటారు?”

అమ్మ చేటలో రాళ్లు ఏరుతూ ఉంది. తలెత్తలేదు.

“నాటింది ఆయన. కోసేదాకా నేను తోలతా. కోసినాంక ఆ నలుగురినీ పిల్చుకొని రాప్పా. ఏమనుకున్నారో చెప్పి, ముద్ద తిని పోతారు.”

అన్నట్టే తోలింది. నాయన మాదిరి మోకు మీద కూర్చోలేదు. ఎద్దుల పక్కనే వాలు దిగేది, వాటితోపాటే పైకి ఎక్కేది. మాఘంలో రథసప్తమి నాడు వీధిలో వాళ్లు తలమీద జిల్లేడాకులు పెట్టుకొని స్నానాలు చేస్తుంటే, చేతిలో చెర్నాకోలతో వాళ్ల ముందర నుంచే తోటకు పోయింది. ఎదురొచ్చిందని ఎవరైనా మొహం తిప్పుకొన్నారేమో తెలియదు. ఆమె చూడలేదు. శివరాత్రికి జనం బండ్లు కట్టుకొని లేపాక్షికి పోయారు. ఆ రోజు కూడా ఆమె మళ్లు తడిపింది. ఇంటికి ఏడాది దాకా పండగలు లేవు. “పైరుకు మైల ఉండదు” అనేది, అంతే.

చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. వాటిలో పెనుకొండ, రాజులు వచ్చి తలదాచుకొన్న రాజధాని. మా వీధి వాటిలో లేదు. మాకు ఆ కోటగోడ చలిగాలికి అడ్డం. ఫాల్గుణం వస్తే కామదహనానికి కాముణ్ణి, అంటే కట్టెల కుప్పను, పేర్చే చోటు. గోడ పక్కన బయల్లో పున్నమికి పది రోజుల ముందు ఒక ఆముదపు కొమ్మ పాతేవారు. ఆనాటి నుంచి వీధి మగపిల్లలు, పెళ్లికాని కుర్రవాళ్లు దొరికిన కట్టెనల్లా తెచ్చి దాని చుట్టూ వేసేవారు. అడిగి తెచ్చేది తక్కువ, ఎత్తుకొచ్చేది ఎక్కువ. అది దొంగతనం కింద లెక్క కాదు. కట్టె ఇంటి లోపల ఉంటే ముట్టకూడదు. బయట ఉంటే కాముడిది. ఒకసారి కుప్ప మీద పడినదాన్ని ఎవరూ దింపకూడదు, అడగకూడదు. అందుకే ఆ పది రోజులు వీధిలో అందరూ పొద్దు గూకేలోగా కట్టెలు, నిచ్చెనలు, కాడిమాన్లు, పీటలు లోపల పెట్టుకొనేవారు.

ఈ చట్టాన్ని ఏళ్ల తరబడి కాపాడింది మా నాయన. నేను స్కూల్లో చదివే రోజుల్లో ఎదురింటి అవ్వ దొడ్డి తలుపు ఊడదీసి గోడకు ఆనించిందట, ఇనుప బందులు బాగుచేయించాలని. తెల్లారేసరికి అది కాముడి మీద ఉంది. అవ్వ వచ్చి ఏడ్చింది, తిట్టింది, ఎనుమ దూడ బయటికి పోతుందని మొత్తుకొంది. నాయన ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. తలుపు మాత్రం ఇప్పించలేదు. “కాముని మీద పడింది కాముందే” అన్నాడు. ఆ తరువాత ప్రతి ఫాల్గుణంలోనూ ఆమె మా వాకిట నిలబడి, “ఈ ఏడు ఎవురి కొంప తలుపప్పా?” అని అడిగేది. నాయన నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

నాయన పోయిన ఆ ఏడు పున్నమికి నాలుగు రోజుల ముందు సెలవు పెట్టి వచ్చాను. ఈసారి ఆముదం తెచ్చాను. తోటకు పోయి గిలకకు పోశాను. కూత తగ్గలేదు. చూస్తే అంచు ఒకచోట పగిలి, మోకు ఆ పగులులోకి దిగుతోంది. రాగి వెన్నులు వేసి పాలు పోసుకొంటోంది. తడి ఆగితే వెన్ను తాలు పోతుంది. ఇంటికి తీసుకుపోదాం, తెల్లారగానే వడ్రంగికి ఇస్తాను అని చెప్పింది నేనే. గిలకను ఇరుసుతో సహా కర్రకు వేలాడగట్టి, ఆ కొస అమ్మ, ఈ కొస నేను మోసుకొచ్చాం. అమ్మ ఎద్దులకు మేత వేయడానికి దొడ్డి వైపు పోయింది. నా చేతులు లాగేస్తున్నాయి. పొద్దున మళ్లీ మోయాల్సిందే కదా అని గిలకను అరుగు మీదే పెట్టి లోపలికి పోయాను.

మా వీధిలో పుట్టిన మనిషి ఎవరూ చేయని పని అది. రెండేళ్ల అద్దె గది బతుకులో నేను ఫాల్గుణాన్ని మరిచిపోయాను.

తెల్లారి అరుగు ఖాళీగా ఉంది. బయల్లోకి పరుగెత్తాను. కుప్ప అప్పటికే మనిషెత్తు ఉంది. విరిగిన మంచం కోడు ఒకటి, తాటి మట్టలు, కంది కట్టె. వాటి నడుమ మా గిలక, ఇనుప ఇరుసుతో సహా. నా వెనకే అమ్మ వచ్చింది. చిన్నాయన వచ్చాడు. నాయన తరువాత కాముడి బాధ్యత ఆయన మీదే పడింది. ఆయన మొహం నల్లబడింది.

“తెలీక తెచ్చినారు వదినా. కపిల ఇప్పేసినారు, ఇంగ పనికి రాదు అనుకున్న్యారు. నువ్వు ఇంటికి పో. పొద్దు గూకినాంక నేనే తెచ్చి లోపల పెడతా. ఎవురికీ తెలీదు.”

“నాకు తెలుస్తుంది గదప్పా” అంది అమ్మ.

ఎదురింటి అవ్వ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకొని ఉంది.

“ఏమే కోడలా, మీ ఆయప్ప పెట్టిన చట్టమే గదా. నా దొడ్డి తలుపు పోయిన దినం దేవుడొచ్చినా దింపరాదనె. ఇప్పుడు దింపుతారేమో, చూసి పోదామని వచ్చినా.”

“దింపరులే అత్తా. చూడు.”

“నిజమేనా?”

“నీ తలుపు ఇయ్యలేదు. నా గిలకా ఇయ్యగూడదు.”

నాకు కోపం ఆగలేదు. ఆయన లేడు, ఆయన చట్టం ఎవరికి కావాలి, పైరు ఎండిపోతే ఎవరు తెచ్చిస్తారు అని అందరి ముందరే అరిచాను. అమ్మ నా వైపు తిరిగింది.

“ఆయన లేడనే గదా పాపా. ఉన్నింటే ఆయనే జవాబు చెప్పుకొనుండు. ఇప్పుడు దింపితే, ఆ పొద్దు ఆయమ్మకు అన్యాయం చేసినట్లు అవుతుంది. పోయినోని మీద ఆ మాట పడనియ్యను. పైరు సంగతి మనం చూసుకుందాం. పా, కడవలు తీయి.”

వడ్రంగి కొత్త గిలక చేయడానికి పది రోజులు అడిగాడు. ఎండిన తుమ్మ మొద్దు గోరంట్ల నుంచి రావాలి, ఇరుసు ధర్మవరంలో చేయించాలి. పైరు ఆగేది మూడు రోజులు, మహా అయితే నాలుగు. మా బావికి లోపల రాతి మెట్లు ఉన్నాయి. ఇద్దరం కడవలతో దిగి, ముంచి, ఎక్కి, మడి మొదట్లో పోశాం. కపిల గంటలో తడిపే మడికి మాకు పొద్దంతా పట్టింది. ఈ పద్ధతిలో సగం పైరు కూడా దక్కదని ఇద్దరికీ తెలుసు. అమ్మ ఒక్కసారి మాత్రం, “కింది మళ్లు వదిలేద్దాం. పై రెండూ నిలబెడదాం” అంది. మళ్లీ దిగింది.

రెండో రోజు పొద్దున మేము మెట్ల మీద ఉండగా పైన ఏదో దొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఎక్కి చూస్తే ఎదురింటి అవ్వ. పిల్లలు బండి చక్రాన్ని దొర్లించినట్టు ఒక గిలకను కర్రతో అదిలిస్తూ దారి వెంట వస్తోంది. అది కాలువలో పడితే బూతులు తిట్టి లేపుతోంది.

“మా వాడు బావికి కరెంటు మిషను పెట్టించినప్పటి నుంచి ఇది అటక మీదే ఉండాది” అంది, ఆయాసపడుతూ. “నిన్న కాముని కాడ కండ్లారా చూసినా. దింపుతారనే అనుకుంటి.”

అమ్మ కడవ దించి గిలక వైపే చూసింది.

“ఊరికే చూస్తాండావేమే? కట్టు. పని అయినాంక మళ్లా నాకు తెచ్చియ్యాల. నేనేం కాముణ్ణి కాదు, తిన్నది కక్కకుండా ఉండేదానికి.”

ఆ గిలక ఇరుసు మా దూలం సందులో కొంచెం వదులు. గోనెపట్ట చుట్టి బిగించాం. చిన్నాయన వచ్చి దూలం పట్టుకొన్నాడు. ఎవరూ పిలవలేదు. ఆ రోజు, ఆ మరునాడు అమ్మ చీకటి పడేదాకా తోలింది. కింది మళ్లకు కూడా నీళ్లు పారాయి.

పున్నమి నాడు పొద్దు గూకగానే కాముణ్ణి అంటించారు. అమ్మ పోయి నిలబడి చూసింది. గిలక తుమ్మ కొయ్యది, తేలిగ్గా అంటుకోలేదు. అన్నిటికంటే ఆలస్యంగా కాలింది. అది కాలినంతసేపూ ఆమె కదల్లేదు.

మరునాడు పొద్దున అందరూ బూడిద తెచ్చుకోవడానికి పోయారు. దొడ్లో చల్లితే పశువులకు మంచిదని నమ్మకం. అమ్మ చేట పట్టుకొని పోయింది. కట్టెతో బూడిద కెలికి, ఇరుసు బయటికి లాగింది. నల్లగా ఉంది, వంగలేదు.

“ఇది తీసుకోవచ్చునా అప్పా?” అని చిన్నాయనను అడిగింది.

“బూడిదలో ఉండేది ఎవురైనా తీసుకోవచ్చు గదా వదినా. కాముని పని అయిపాయె” అన్నాడు.

అవ్వ కూడా తలూపింది. “అయిపాయె. నా తలుపు బందులు గూడా ఆ పొద్దు అట్లనే ఏరుకొంటి.”

వడ్రంగి ఆ ఇరుసుకే కొత్త గిలక చేశాడు. ధర్మవరం పోయే పని లేకుండా పోయింది. ఉగాది అయిన వారానికి రాగి కోశాం. కింది మళ్లలో కొన్ని వెన్నులు తాలు పోయాయి, తక్కినవి నిండాయి. అవ్వ గిలకను కడిగి తీసుకుపోయి ఇచ్చాం. ఆమె ఎండలో పెట్టి చుట్టూ తిప్పి చూసింది. “ఈ గీత ముందు లేదే” అంది. అమ్మ కొత్త రాగిపిండితో చేసిన ముద్ద ఆమె చేతిలో పెట్టింది. గీత మాట అక్కడితో ఆగింది. చిన్నాయన కూడా తిన్నాడు. నలుగురూ ఏమనుకున్నారో ఎవరూ చెప్పలేదు.

అమ్మ ఆ తరువాత ఇంకా చాలా ఏళ్లు తోలింది. నేను సెలవుల్లో వచ్చినప్పుడు గిలకకు ఆముదం పోసేదాన్ని. ఆమె పోయేనాటికి మా బావికీ మోటారు వచ్చింది. కాముణ్ణి పేర్చే బయల్లో ఇళ్లు లేచాయి. కొన్నేళ్లు వీధి చివర చిన్న మంట వేశారు, తరువాత మానేశారు. ఇప్పుడు మా వీధిలో ఫాల్గుణ పున్నమికి ముందు అరుగు మీది కట్టెను ఎవరూ లోపల పెట్టుకోరు.