అక్కతో బాపట్ల మీదుగా పెనుమూడి రేవుకి

పొద్దున్న ఆరు దాటాక తెనాలి స్టేషనులో బాపట్లకి ఒకే ఒక టికెట్టు కొన్నాను. అక్కకి టికెట్టు అక్కర్లేదు. ఆమె స్టీలు డబ్బాలో ఉంది, డబ్బా గుడ్డ సంచిలో ఉంది, సంచి నా చేతిలో ఉంది. ప్యాసింజరు బండి టికెట్టు ఎంత చవకంటే, నాలాంటిదానికి కూడా బేరమాడాలన్న ఆశ పుట్టదు.

ఈ ప్రయాణం ఎందుకు పడిందో ముందు చెప్పాలి. అక్క కార్తీకమాసంలో పోయింది. మా నాన్న స్టీలు సామాన్ల కొట్టు ఆయన తరవాత మేమిద్దరమే నడిపాం. పెళ్ళయిన రెండేళ్ళకే బావ పోతే, అక్క బాపట్ల నుంచి ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చింది. నాకు అసలు పెళ్ళే కాలేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ నేనే వంక పెట్టానని అమ్మ అనేది, బేరం తెగలేదని నేను అనేదాన్ని. మోకాళ్ళు మొరాయించి కొట్టు అమ్మేశాక కూడా ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే టీవీ ముందు రోజులు వెళ్ళదీశాం.

కర్మ మా బాబాయి కొడుకు చేశాడు. పని ముగిశాక అస్థికల కుండ నా చేతికిచ్చి, "చిన్నక్కా, నాకు సెలవు లేదు. నువ్వే వీలు చూసుకుని కలిపెయ్" అని హైదరాబాదు బండెక్కేశాడు. అంతవరకూ దాన్ని శ్మశానం దగ్గరి గదిలోనే ఉంచాలి, ఇంటి గుమ్మం దాటించకూడదు. నేను దాటించాను. పైగా మట్టి కుండ మీద నమ్మకం లేక, కొట్టు అమ్మినప్పుడు దాచుకున్న డబ్బాల్లో మూత పట్టు బాగా ఉన్నది ఏరి, అందులోకి మార్చి, అక్క పేరు చెక్కించి హాల్లో బల్ల మీద పెట్టుకున్నాను.

అప్పటినుంచి మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. పనిమనిషి గిన్నెలు బయట కుళాయి దగ్గర పెట్టమని, ఆ తరవాత మానేసింది. పక్కింటి వరలక్ష్మిగారు గోడ మీదుగా కూర గిన్నె అందించేది, కొన్నాళ్ళకి అదీ ఆగింది. మొన్న మనవరాలి బారసాలకి పిలవడానికి వచ్చి, బొట్టు పెట్టి పిలవాల్సిన పిలుపు గేటు బయట నుంచే కేకేసి వెళ్ళింది. కుంకుమ భరిణె ఆమె చేతిలోనే ఉంది. ఆ రాత్రి పంతులుగారికి ఫోన్ చేశాను. "ఆవిడ భర్తని కలిపింది సూర్యలంక సముద్రంలోనేగా? అక్కడే కలపండి, శ్రేష్ఠం" అన్నారాయన. అందుకని బాపట్ల.

బండిలో ఎదురు సీట్లో పంచె కట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. నిడుబ్రోలు దాటేదాకా నా సంచి వంకే చూసి, ఇక ఆగలేక అడిగాడు.

"అంత భద్రంగా పట్టుకున్నారు, ఏంటమ్మా అది?"

"ఆవకాయండి."

"ఈ రోజుల్లో ఆవకాయేంటండి? మామిడికాయ ఇంకా రాలేదుగా?"

"పాతదండి."

"పాతదైతేనే రుచి" అని తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. ఇలాంటి మాటకి అక్క పక్కనుంటే నా తొడ గిల్లేది. నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

బాపట్లలో దిగి స్టేషను ఎదురుగా రెండిడ్లీ తిన్నాను. కలిపేముందు తినొచ్చా అని పంతులుగారిని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. అక్కడి నుంచి సూర్యలంకకి ఆటో. అతను చెప్పిన దాంట్లో సగానికి అడిగాను. బేరంలో మా అక్కచెల్లెళ్ళకి ఒక పద్ధతి ఉండేది. నేను బిగించేదాన్ని, సరిగ్గా బేరం చెడబోయే ముందు అక్క "పోనీలేవే, పాపం" అనేది. ఎదుటివాడు ఆమెని చూసి తగ్గేవాడు, నేను ఆమెని చూసి ఒప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేరు. ఎక్కడ ఆగాలో తెలియక ఎండలో నిలబడి బిగిస్తూనే ఉన్నాను. చివరికి ఆటో అతనే దణ్ణం పెట్టాడు.

"ఎక్కండి పిన్నిగారూ. మీతో నావల్ల కాదు."

నెగ్గాను. దారి పొడుగునా సరుగుడు తోటలు చూస్తూ, నెగ్గిన సంగతి ఎవరితో చెప్పుకోవాలో తోచక సంచి సర్దుకున్నాను.

సూర్యలంకకి వెళ్ళేవాళ్ళు సెలవు రోజు కాకుండా చూసుకోండి. నేను వెళ్ళినప్పుడు ఒక కాలేజీ బస్సు, వేయించిన చేపల బండి, తడిబట్టలతో ఒక కుటుంబం, అంతే. ఆ కుటుంబం చేత పిండాలు పెట్టించిన పంతులుగారే నన్ను చూసి దగ్గరికి వచ్చారు. సంచి చూడగానే ఆయనకి అర్థమైంది. ఇసకలో దర్భాసనం వేసి అడిగారు.

"గోత్రం చెప్పండమ్మా."

మా గోత్రం చెప్పాను.

"ఇది పుట్టింటిదా? పెళ్ళయిన మనిషేగా? అత్తింటి గోత్రం కావాలి తల్లీ."

నాకు అత్తింటి గోత్రం గుర్తు లేదు. ఎప్పుడో ఒకసారి శుభలేఖలో చదివి ఉంటాను. ఎదురుగా సముద్రం. అందులో ఎక్కడో బావ ఉన్నాడు. ఆయన ముఖం కూడా నాకు సరిగా గుర్తు లేదు. రెండేళ్ళ కాపురానికి ఆయన హక్కుదారు, మిగతా జన్మంతా పక్కమంచం మీద పడుకున్న నేను సంచి మోసే మనిషిని. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే ఏడవడం మా ఇంటావంటా లేదు, బేరమాడతాం.

"మీ సంభావన ఎంతండి?"

చెప్పారు. నేను సగం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. సగంలో సగం అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక్కక్షణం చూసి మెల్లగా అన్నారు.

"పోనీ ఏమీ ఇవ్వకండి. రండి, కూర్చోండి. ఊరికే చేయిస్తాను."

"ఊరికే ఇచ్చే సరుకు మేం తీసుకోమండి" అని సంచి ఎత్తుకుని వెనక్కి నడిచాను. "అమ్మా, అమ్మా" అని ఆయన పిలుస్తూనే ఉన్నారు. దర్భలు సర్దుకుంటూ ఆయన ఏమనుకున్నారోనని ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తిరిగి బాపట్ల బస్టాండు చేరేసరికి పదకొండు దాటింది. ఇంటికి వెళ్ళిపోతే సరిపోయేది. కానీ గేటు బయట నిలబడిన కుంకుమ భరిణె గుర్తొచ్చింది. మా అమ్మనీ నాన్ననీ కలిపింది రేపల్లె దగ్గర పెనుమూడి రేవులో, కృష్ణలో. అక్కడ పుట్టింటివాళ్ళు ఉన్నారుగా అనుకుని రేపల్లె బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. సున్నాని ఎంతకని తగ్గిస్తాం?

బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళే ఆవిడ కూర్చుంది. వేళ్ళన్నీ జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. రేపల్లెలో కూతురికి అత్తారింట్లోనే పురుడొచ్చిందట, చూడ్డానికి వెళ్తోంది. వచ్చిన కాసేపట్లోనే అల్లుడి తాగుడూ, వియ్యపురాలి నోరూ అన్నీ చెప్పేసింది. నాకు హాయిగా ఉంది. అంత దగ్గరగా కూర్చుని నాతో ఒక మనిషి మాట్లాడి నెలలైంది.

"ఆ సంచి కింద పెట్టుకోండి అక్కయ్యగారూ, ఒళ్ళో బరువు కాదూ?"

"పర్లేదమ్మా."

"ఏముందేంటి అందులో?"

అంతసేపు తన ఇంటి గుట్టంతా విప్పిన మనిషికి ఆవకాయ అని చెప్పబుద్ధి కాలేదు.

"మా అక్క" అన్నాను. "పోయింది. పెనుమూడిలో కలపడానికి తీసుకెళ్తున్నాను."

ఆవిడ ముఖం మారిపోయింది. "అయ్యో" అంది. ఆ వెంటనే, "ఏమనుకోకండి, పసిగుడ్డు దగ్గరికి వెళ్తున్నాను" అని మెల్లగా లేచి, వెళ్ళి మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను ఏమీ అనుకోలేదు. బాలింత ఉన్న ఇంటికి వెళ్తూ ఎవరైనా అదే పని చేస్తారు. కానీ ఆవిడ లేవడం చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు, మాట ముందుకీ వెనక్కీ పాకింది. కర్లపాలెం నుంచి చెరుకుపల్లి దాకా ఆ బస్సులో జనం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుతూ నిలబడ్డారు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. నా ఇల్లు ఇన్నాళ్ళూ బయటినుంచి ఎలా కనిపిస్తోందో అప్పుడు నాకు తెలిసింది.

చెరుకుపల్లిలో ఎక్కిన ఒక లావుపాటి ఆయన ఖాళీ సీటు చూసి, "అదృష్టం!" అంటూ చతికిలబడ్డాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. దిగేదాకా నా భుజం మీద వాలి నిద్రపోయాడు.

రేపల్లెలో ఒక టీ తాగి, పెనుమూడికి ఆటో మాట్లాడుకున్నాను. ఎంతంటే అంతకి ఎక్కాను. రేవులో వంతెన వచ్చాక దాటించే పడవలు పోయాయి, చేపల పడవలు మిగిలాయి. వల బాగుచేసుకుంటున్న ఒకతన్ని అడిగితే లేచాడు. నడివయసు మనిషి, బనీను మీద తువ్వాలు.

"ఒక్కరే వచ్చారా అమ్మగారూ? మగాళ్ళెవరూ లేరా?"

"వాళ్ళకి సెలవు దొరకలేదు నాయనా."

"ఎవరండి?"

"అక్క."

నన్ను పడవెక్కించుకున్నాడు. పడవ లోపలికి తీసుకెళ్ళి, వంతెన నీడ దాటాక ఆపాడు. "ఇక్కడైతే లోతుంటదండి." నేను కొంచెం ముందుకి పోనిమ్మన్నాను. పోనిచ్చాడు. మళ్ళీ కొంచెం అన్నాను. మూడోసారి అతను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నవ్వాడు.

"ఇంకా పోతే సముద్రంలో తేలతామండి."

సంచి విప్పి డబ్బా తీశాను. మూత రాలేదు. తిప్పాను, లాగాను, పమిట చెంగు చుట్టి పట్టాను. రాలేదు. "చీమ దూరదు, గాలి దూరదు, పట్టుకుని చూడండి" అని తెనాలి ఆడవాళ్ళకి ఒక జన్మంతా అమ్మిన డబ్బా అది. పడవతను తీసుకుని పళ్ళు బిగించి లాగాడు. అతనివల్లా కాలేదు.

"ఏ కొట్లో కొన్నారండి ఇది?"

"మా కొట్టే."

"నాలుగు కాలాలు మన్నుద్దండి" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

నాకు నవ్వొచ్చింది. నడి ఏట్లో, ఒళ్ళో అక్కని పెట్టుకుని, పడవ ఊగేలా నవ్వాను. అతను కంగారుపడి, తరవాత తనూ నవ్వాడు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపులోకి దిగిందో నాకు తెలియదు. అతను మాత్రం మొహం తిప్పుకుని, తెడ్డు చివరతో మూత అంచు మీద చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. నేను తేరుకునేసరికి మూత ఊడింది.

గోత్రం ఎవరూ అడగలేదు. అక్క పేరు చెప్పాను, మా అమ్మ పేరూ నాన్న పేరూ చెప్పాను, వంచాను. బూడిద నీళ్ళ మీద కాసేపు తెట్టులా ఆగి, కదిలిపోయింది. డబ్బా ఇంటికి తీసుకుపోకూడదని పడవతను అన్నాడు. వదిలేశాను. ఎప్పుడూ ఒక స్టీలు చెంచా కూడా ఊరికే వదిలినదాన్ని కాను. అది పక్కకి ఒరిగి, గుటకలు మింగి, మునిగింది.

ఒడ్డుకొచ్చి తలారా మునిగి, వెంట తెచ్చుకున్న పొడి చీర కట్టుకున్నాను. కలిపాక వెనక్కి తిరిగి చూడకుండా నడిచి రావాలి. చూడకుండా నడవడం నాకు కొత్త కాదు. బేరం కుదరనప్పుడు కొట్టు మెట్లు దిగి, తల తిప్పకుండా వెళ్ళిపోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కాకపోతే అలా నడిచేటప్పుడు చెవులు వెనకే ఉంటాయి, వాడెప్పుడు పిలుస్తాడా అని. ఆ రేవు మెట్లెక్కి రోడ్డు దాకా చెవులు వెనక్కి పెట్టుకునే నడిచాను. పడవ చెక్క మీద ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

సాయంత్రం బండికి రేపల్లె స్టేషనులో సీటు సులువుగా దొరికింది. వేరుశనక్కాయల పొట్లం కొన్నాను. భట్టిప్రోలు దగ్గర కూలీ ఆడవాళ్ళు ఎక్కి, ఒకావిడ ఏమీ అడక్కుండా నా పక్కన ఇరుక్కుని కూర్చుని, నా పొట్లంలో చెయ్యి పెట్టింది. జంపని దాటాక వరలక్ష్మిగారికి ఫోన్ చేశాను.

"వదినగారూ, అక్కని కలిపేశానండి. పెనుమూడిలో."

"ఒక్కదానివే వెళ్ళావా? చెప్తే మావారిని తోడు పంపేదాన్ని కదమ్మా!"

"రేపు కాఫీకి రండి. ఇల్లు కడిగిస్తాను."

"రేపా... రేపు అమ్మాయి వాళ్ళు వెళ్తున్నారు. వీలు చూసుకుని వస్తాలే."

వీలు చూసుకుని వస్తాలే అని మెట్లు దిగిన కొనుగోలుదారుల్లో ఎంతమంది తిరిగొస్తారో కొట్టు నడిపినవాళ్ళకి తెలుసు. ఇన్నాళ్ళూ నా ఇంటికి ఎవరూ రాకపోవడానికి హాల్లో ఒక కారణం ఉండేది. ఇవాళ దాన్ని నేనే ఏట్లో వంపి వచ్చాను. రేపటి నుంచి ఎవరూ రాకపోతే చెప్పుకోవడానికి నాకు ఏమీ లేదు. బండిలో అందరూ దిగడానికి సర్దుకుంటుంటే, నేను మాత్రం అదే ఆలోచిస్తూ కూర్చుండిపోయాను.

ఈ దారిలో వెళ్ళదలచినవాళ్ళకి ఒక్క మాట. ఒక్క రోజులో ముగించవచ్చు, బస్సూ రైలూ రెండూ అందుతాయి. మట్టి కుండే తీసుకెళ్ళండి. తోడుగా ఎవరినైనా అడగండి. రారేమోనని ముందే అనుకుని మానేయకండి, నేను చేసింది అదే.

తెనాలి వీధుల్లో దీపాలు వెలుగుతున్నాయి. స్టేషను బయట పాల బూతు ఇంకా తెరిచే ఉంది. రోజూ అరలీటరు ప్యాకెట్టు తీసుకునేదాన్ని, రెండు అడిగాను.

"చుట్టాలొచ్చారా పిన్నిగారూ?" అన్నాడు బూతు అతను చిల్లర ఇస్తూ.

"ఇంకా రాలేదు" అన్నాను.