ఉయ్యాల కొక్కేలకు గ్రీజు

నిన్న సాయంత్రం మా పాపను పార్కుకి తీసుకెళ్లాను. ఉయ్యాల ఊపగానే కిర్రుమంది. నా ప్రాణం ఉసూరుమంది.

మాచర్లలో పెరిగిన నా ఈడువాళ్లకి ఈ పార్కు గుర్తుండే ఉంటుంది. సాయంత్రమైనా కాలే సిమెంటు జారుడుబల్ల, పంపు కింద దోసిలి పట్టి తాగిన నీళ్లు. మన రోజుల్లో ఈ ఉయ్యాలలు చప్పుడు చేసేవి కావు. ఎందుకో మీకు తెలియదు. మా నాన్న వల్ల, మా అబ్బా వల్ల.

అబ్బాది లారీల మెకానిక్ షెడ్డు. శుక్రవారం నమాజు తర్వాత షెడ్డు తెరిచేవాడు కాదు. మమ్మల్ని పార్కుకి తీసుకొచ్చి, వాచ్‌మన్ దగ్గర స్టూలు అడిగి తెచ్చుకుని, జేబులోని డబ్బా తీసి ఉయ్యాల కొక్కేలకు గ్రీజు పూసేవాడు. అది ఎండకి కరిగి గొలుసుల మీదికి జారేది. నా గౌన్లన్నీ నల్లటి మరకలే.

"ఏందయ్యా, సెలవు రోజు కూడా ఆ డబ్బా వదలవా? ఈ మరకలు ఎట్టా పోతయ్?" అని అమ్మీ గొడవపడేది.

"ఉయ్యాల ఏడుస్తా ఉంటే పిల్లలెట్టా నవ్వుతారే?" అనేవాడు అబ్బా.

అమ్మీ గొణుక్కుంటూనే కిరసనాయిలు పోసి రుద్దేది. ఆ రెండు వాసనలూ కలిస్తేనే నాకు శుక్రవారం.

అబ్బా పోయి ఈ రంజానుకి ఏడాది. నిన్న ఇంటికొచ్చాక పాప తెల్లగౌను విప్పి, లైటు కింద తిప్పి తిప్పి చూశాను.

ఒక్క మరకైనా లేదు.