రాములు నంబరుకు వెళ్లిన ఓటీపీ

2023లో నేను నరసన్నపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసేదాన్ని, ఇప్పటికీ అదే చూస్తున్నాను. సెక్షన్ అంటే పెద్దదేమీ కాదు. ప్రిన్సిపాల్ గది వెనకాల ఇరుకు గది, ఒక కంప్యూటరు, వేలిముద్రల మిషను, కిటికీ అవతల సైకిల్ స్టాండు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే పిల్లల ఫీజు ప్రభుత్వం భరించడమని అందరికీ తెలుసు. అయితే ఆ సాయం అందాలంటే విద్యార్థి ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం, హాజరు, అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. ఎక్కడ తేడా వచ్చినా ఆ పేరు స్క్రీను మీద ఎర్రగా ఆగిపోతుంది. ఆ ఎరుపును పోగొట్టడమే నా ఉద్యోగం.

ఆ ఏడు వానాకాలంలో, గడువు దగ్గర పడుతుండగా, శిరీష అనే బీఎస్సీ మొదటి సంవత్సరం అమ్మాయి పేరు అలా ఆగిపోయింది. వాళ్లది కోటబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డు ఊరు. తల్లి నూకాలమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. మిగిలిపోయింది ఈకేవైసీ ఒక్కటే. అంటే, దరఖాస్తు పెట్టిన మనిషి తానేనని ఆధార్ ద్వారా నిరూపించుకోవడం. ఆధార్‌కు కలిపి ఉన్న ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది. ఆ అంకెలు కొడితే చాలు.

“ఈ నంబరు ఎవరిదమ్మా?” అని అడిగాను.

“మా నాన్న రాములుది మేడమ్. ఏటకెళ్లి మరి రాలేదు. పడవ ముక్కలు దొరికాయి, కూడా ఎల్లినవాళ్లు దొరికారు. నాన్న దొరకలేదు.”

“అయ్యో. అయితే ఆధార్ సెంటర్‌కి వెళ్లి నీ నంబరు పెట్టించుకో. చిన్న పనే.”

“అమ్మ ఒప్పుకోదు మేడమ్. ఆ నంబరు తీసెత్తే నాన్న మనింటి మనిషి కాకుండా పోతాడంటాది.” శిరీష గొంతు తగ్గించింది. “అది ఇంకా మోగుతాది మేడమ్.”

ఫీజు మంజూరు కాకపోతే చదువు మాన్పించి రొయ్యల ఫ్యాక్టరీలో పనికి పెట్టడానికి మేనమామ సిద్ధంగా ఉన్నాడట. తల్లిని తీసుకురమ్మని చెప్పి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. బయట దట్టంగా మబ్బు పట్టింది. కరెంటు పోయి, కంప్యూటరు యూపీఎస్ మీద నడుస్తోంది. ఆ చీకటి గదిలో స్క్రీను వెలుగు ఒక్కటే నూకాలమ్మ మొహం మీద పడుతోంది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. కుర్చీ అంచున కూర్చుని నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపింది.

“ఓటీపీ కావాలంటే ఆయన్నే అడుగుదుంలే అమ్మా. నంబరు మార్సడం దేనికి?”

“ఎవర్ని అడుగుతావు నూకాలమ్మా?” అన్నాను మెల్లగా.

“మా మావనే. కొన్నాళ్లు ఆపీసి ఉన్నాది ఫోను. తర్వాత ఓ సాయంకాలం మోగినాది. ఎత్తాడు. అప్పట్నుంచి రోజూ ఎత్తుతాడు. మాటాడడు గానీ, ఇంటాడు.”

శిరీష నేల చూపులు చూస్తోంది. దుఃఖం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో కదా అనుకున్నాను. ఇంతలో నూకాలమ్మ తన చిన్న ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి టేబుల్ మీద ఉంచింది. నిజంగానే మోగింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

హలో అనలేదు. ముందు గాలి హోరు, ఆ వెనక నీళ్లు ఒడ్డుకు కొట్టుకుని జారిపోతున్న చప్పుడు. ఆపైన, ఫోనుకు చాలా దగ్గరగా, ఊపిరి. అది మామూలు మనిషి ఊపిరిలా లేదు. సన్నటి గొట్టంలోంచి గాలి తడితడిగా వచ్చిపోతున్నట్టుంది.

“మావా, నేను,” అంది నూకాలమ్మ ఎప్పటి మాటలా. “ఇయ్యాల పెందలాడే సేసినాను. పిల్ల కాలేజీలో ఉన్నాను. నీ ఫోనుకి ఏవో అంకెలు వస్తాయంట. అయి సెప్పకపోతే పిల్ల సదువు ఆగిపోతాదంట. ఈ ఒక్కపాలి నోరిప్పు మావా.”

అవతల ఊపిరి ఒక్క క్షణం ఆగింది. నా వేలు నా ప్రమేయం లేకుండానే ఓటీపీ పంపే బటన్ నొక్కింది. ఫోనులో ఏదో చిన్నగా టింగుమని మోగడం మా ముగ్గురికీ వినిపించింది. అంటే ఆ అంకెలు నిజంగానే అక్కడికి చేరాయి. గాలి, నీళ్లు, ఊపిరి. ఎవరూ మాట్లాడలేదు. ఫోను కట్ అయిపోయింది.

స్క్రీను మీద ఓటీపీ గడువు తరిగిపోతోంది. శిరీష ఏడుపు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక అయిపోయినట్టే అనుకుంటుండగా నూకాలమ్మ ఫోను టేబుల్ మీద గురగురమంది. మెసేజ్. ఒక్క అక్షరం లేదు, అంకెలు మాత్రమే.

కొట్టాను. ఎర్రగా ఉన్న గడి పచ్చగా మారింది.

“సూసినావా అమ్మా?” అని నూకాలమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్లు వెళ్లాక కూడా ఆ ఊపిరి గదిలోనే ఉన్నట్టనిపించి, కరెంటు వచ్చేదాకా వరండాలో నిలబడ్డాను.

మా పనిలో ఓటీపీ ఎవరి చేతిలో పడిందో తెలియకుండా వదిలేయకూడదు. అది తాళంచెవి లాంటిది. మర్నాడు ఉదయం ధైర్యం తెచ్చుకుని ఆఫీసు ఫోను నుంచి ఆ నంబరుకు చేశాను. ఈసారి ఒక ఆడమనిషి ఎత్తింది. ఎవరమ్మా, ఏ ఊరని అడిగితే ఇచ్ఛాపురం దాటాక ఒడిశాలో సముద్రం పక్క ఊరని చెప్పింది. తెలుగువాళ్లే.

“ఈ సిమ్ము మా అయ్యది. ఇచ్ఛాపురంలో కొత్తగా కొన్నాం. మా అయ్యకి గొంతుకి ఆపరేసనయ్యి మాట పోయినాది. మెడకి గొట్టం ఉన్నాది.”

వాడకం ఆగిపోయిన నంబర్లను కంపెనీలు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

“రోజూ ఒకావిడ ఫోను చేస్తుంది కదా?”

“సేస్తాది. మొదటి రోజు మావా, మావా అని ఏడిసిందంట. కాదని సెప్పడానికి మా అయ్యకి నోరు నేదు. నేను సెప్తానంటే ఒద్దని సెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడైతే ఆవిడ సేసే ఏళకి ముందే ఫోనట్టుకుని సముద్రం కాడకి ఎల్లి కూకుంటాడు.”

“సముద్రం దగ్గరికి ఎందుకు?”

“మా ఇంట్లో పిల్లల సప్పుడు ఆవిడికి ఇనబడకూడదని. నిన్న మద్దేనం ఒలలు సూసుకుంటూ అక్కడే ఉన్నాడు గాబట్టి సరిపోయినాది.”

ఫోను పెట్టేశాక భయం పోయింది. కానీ పేరూ, మొహమూ తెలియని ఒక ముసలాయన, మాట లేని గొంతుతో, చనిపోయిన మనిషి స్థానంలో రోజూ వెళ్లి కూర్చుంటున్నాడన్న ఊహ భయం కన్నా ఎక్కువగా నన్ను పట్టుకుంది.

శిరీషను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల అంతా విని, “అమ్మకి సెప్పకండి మేడమ్,” అంది. మళ్లీ ఏడాది మరొకరి దయ మీద ఆధారపడకూడదని ఇద్దరం కలిసి నూకాలమ్మను ఒప్పించాం. ఆధార్‌లో నంబరు మారినా ఆ ఫోను మోగుతూనే ఉంటుందని నేను మాటిచ్చాకే ఆమె సరేనంది.

శిరీష చదువు పూర్తయింది. మార్కుల జాబితా తీసుకోవడానికి కూతురితో పాటు నూకాలమ్మ కూడా వచ్చింది. శిరీష కౌంటరు దగ్గర ఉండగా ఆమె నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ దాచింది నాలో నలుగుతూనే ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, “ఇంకా ఫోను చేస్తున్నావా నూకాలమ్మా?” అన్నాను.

నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. “నాకు తెల్సమ్మా. మొదటి వారంలోనే తెల్సినాది. మా మావ అంతసేపు నోరు మూసుకుని ఇనీ మనిసేటి?” అని పకపకా నవ్వింది.

“మరి రోజూ ఎవరితో మాట్లాడుతున్నావు?”

నవ్వు ఆగింది. కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “ఎవులో ఆ బాబు, నాకోసం సముద్రం కాడ కూకుంటన్నాడు. నేను సెప్పిందంతా ఇంటన్నాడు. ఆ పక్కనే నీళ్లున్నాయి కదమ్మా. ఎల్లాల్సిన సోటికి ఎల్తాది.”

ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో లేని తండ్రుల, తల్లుల నంబర్లు వస్తూనే ఉంటాయి. ఒకప్పుడు వెంటనే మార్పించేసేదాన్ని. ఇప్పుడూ మార్పిస్తాను, పిల్లల చదువు ఆగకూడదు కాబట్టి. కాకపోతే ముందుగా, “ఒకసారి ఈ నంబరుకు చేస్తావా?” అని అడుగుతాను. కొందరు వద్దంటారు. కొందరు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్తారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను స్క్రీను ముట్టుకోను.