నేను మింగిన మస్టర్లు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. నా వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. పొరపాటున పోయిందని కొంతకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. పొరపాటు సగమే. మిగతా సగం తెలిసి చేశాను.

గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు గని టైం ఆఫీసులో నాది కంప్యూటర్ పని. అప్పటికింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. కార్మికులు కార్డు గీస్తే హాజరు, అంటే మస్టర్, పడే ప్రోగ్రాం నేనే రాశాను. ఆఫీసర్లు భుజం తట్టారు. నేల మీద నిలవలేదు నేను. ఆ ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కసారే కంప్యూటర్ గడియారాన్ని చూసేది. ఆ తర్వాత తనే సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోయేది. ఆ లెక్క అసలు టైముకన్నా రోజుకింత ముందుకు జరుగుతోందని నాకు తెలియదు. నిజంగానే తెలియదు, అప్పటికి.

ఉదయం ఏడింటి సైరన్ కూత లోపు కార్డు గీయాలి. దాటితే ఆ రోజు మస్టర్ లేదు, ఇంటికి పోవాల్సిందే. కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్లు ముందే వచ్చి చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లు కనుక వాళ్లకేమీ కాలేదు. లింగయ్య మాత్రం గోదావరి ఒడ్డు పల్లె నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మంచం పట్టిన తల్లికి నాలుగు ముద్దలు తినిపించి బయలుదేరి, కూతకు మూడు నాలుగు నిమిషాల ముందు గేటు దగ్గర దిగేవాడు. అతను బదిలీ కార్మికుడు, అంటే పనికి రానివాళ్ల బదులు దిగేవాడు. ఏడాదిలో సరిపడా మస్టర్లు పడితేనే పర్మనెంటు. తగ్గితే పేరే తీసేస్తారు.

ఎండాకాలంలో ఒక పొద్దున నా కిటికీ దగ్గరికి వచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"సారూ, కూత ఇంకా కూయనే లేదు. గిప్పుడే ఆలస్యమైందంటదేంది నీ మిషిని?"

"సైరన్ మనిషి వేసేది లింగన్నా. కంప్యూటర్ తప్పు చెప్పదు."

"గట్లనా? సరే, రేపటి సంది ఇంకింత జల్ది వస్త తియ్యి."

అతను సైకిల్ వెనక్కి తిప్పుకుంటుంటే కూత వినిపించింది. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా? వచ్చిందేమో. వచ్చినా నా ప్రోగ్రాం మీద నాకున్న ముచ్చట దాన్ని నోరెత్తనివ్వలేదేమో. లింగయ్య కొన్నాళ్లు ఇంకా ముందే వచ్చాడు. తల్లికి బాగాలేని రోజుల్లో రాలేకపోయాడు.

దసరాకు ఆయుధపూజ చేశాం. ఏడాదిలో ఆ ఒక్కరోజే ఆ కంప్యూటర్‌ను ఆపి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాళ్లం. మర్నాడు నేనే మళ్లీ మొదలుపెట్టాను. ఆ వారమంతా ఆలస్యంగా వచ్చినవాళ్ల జాబితాలో ఒక్క పేరూ లేదు. రాసిన ప్రోగ్రాం తెరిచి చూసుకున్నాను. అర్థమైంది: నెలల తరబడి ముందుకు జరిగిన దాని గడియారం, ఆపి మొదలుపెట్టేసరికి మళ్లీ సరైన టైముకు వచ్చింది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా ప్రోగ్రాం సరిచేశాను. ఏడాది చివర లింగయ్య మీద ఎంక్వైరీ జరిగింది. దసరా తర్వాత రోజూ టైముకు రాగలిగినవాడు అంతకుముందు ఎందుకు రాలేదని అడిగారు. జవాబు నా దగ్గర ఉంది. గడియారం సరిగ్గానే ఉందా అని నన్ను అడిగారు. ఉందని రాసి సంతకం పెట్టాను. లింగయ్య పేరు తీసేశారు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతే. అంతకన్నా పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో!

తెలంగాణ వచ్చిన సంబరాల్లో చౌరస్తా దగ్గర లింగయ్య కనిపించాడు. కరెంటు కేంద్రం బూడిద మోసే లారీల మీద కూలి చేస్తున్నాడట. ఆప్యాయంగా నా నుదుట గులాల్ పెట్టాడు. పాత సంగతి తనే ఎత్తి, నవ్వుతూ అన్నాడు: "మిషినిదేం తప్పున్నది సారూ. నేనే ఆలస్యమైతుంటి."

నమ్మేశాడు. నా అబద్ధాన్ని తన తప్పుగా మోస్తున్నాడు.

క్షమించమని అడగను, ఆ ముఖం నాకు లేదు. ఆ రోజు చౌరస్తాలో అనలేకపోయిన మాటను ఇక్కడ రాసుకుంటే గుండె కొంచెం తేలికవుతోంది. లింగన్నా, నువ్వు టైముకే వచ్చావు.