వియ్యంకుడు రాగానే బ్రేకు వదిలేశాను

ఈ రోజు సారపాకలో మా అమ్మాయి అత్తగారింటికి వెళ్లాను. తన కారు బ్రేకు మెత్తబడిందట, రేపు పొద్దున్నే తను మణుగూరు డ్యూటీకి అందులోనే వెళ్లాలి. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడానికి తనే చక్రం దగ్గర కూర్చుంది. తను నట్టు బిగించేదాకా కారులో కూర్చుని బ్రేకు పెడల్ తొక్కిపట్టడం నా పని. కాళ్లు పీకేస్తున్నాయి. ఇంతలో వియ్యంకుడు ఎదురొస్తే మర్యాదగా కారు దిగి నిలబడ్డాను.

“నాయినా, కాలెందుకు తీసినవ్? గాలి మళ్ల లోపలికి పోయింది!”

“మీ మామ వచ్చిండ్రు కద బిడ్డా!”

వియ్యంకుడు నవ్వి, “జరుగు బావా, నేను తొక్కుత” అని కూర్చున్నారు.

“మామా, గట్టిగ తొక్కుండ్రి! నేను చెప్పేదాక తియ్యకుండ్రి!”

“అట్లనే తల్లీ.”

బ్రేకు గట్టిపడేసరికి పొద్దుగూకింది. నడుము లేవడం లేదు గానీ, అత్తింట్లో నా బిడ్డ గొంతు అంత ధైర్యంగా వినిపిస్తుంటే అబ్బ, పట్టలేని సంతోషం! మీ అమ్మాయిలు కూడా మామగారికి ఇలా పని చెబుతారా?