స్పిరిట్ సీసాలో నీళ్ళు

పదకొండేళ్ళుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు కాబట్టి. నాబోటి పిరికివాడికి అంతే ధైర్యం.

నేను టెక్కలి దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్ని. డీఎన్‌ఏ శుద్ధి చేయడం కొన్న కిట్లతో నేర్చుకున్నవాణ్ణి. పెట్టె మీద రాసింది రాసినట్టు చేయడమే నా విద్య. దానికే డాక్టరుగారూ అనిపించుకునేవాణ్ణి.

మా ల్యాబ్ అసిస్టెంట్ రోహిణిది పూండి అవతల సముద్రపు ఒడ్డు. తండ్రి చేపల వేటకు వెళ్ళేవాడు. ఆమె పగిలిన గాజు గొట్టాలను మెత్తగా నూరి, యాసిడ్‌తో కడిగి, ఆ పొడిని సిరంజిలో కూరింది. ఒక రకం ఉప్పు ద్రావణంలో డీఎన్‌ఏ గాజుకు అంటుకుంటుంది. స్పిరిట్‌తో కడిగితే మురికి పోతుంది, చివర గోరువెచ్చని నీళ్ళు పోస్తే డీఎన్‌ఏ ఊడి వస్తుంది. జీడిమామిడి ఆకు నుంచి నా కిట్‌తో రెండుసార్లు రానిది ఆమెకు మొదటిసారే వచ్చింది.

చేపల ఇంటి పిల్ల నాకు నేర్పడమా? సరిగ్గా ఈ మాటే అనుకున్నాను. ఇప్పుడు మర్యాదగా మార్చి రాయడం ఎందుకు?

ప్రిన్సిపాల్ ఆ పద్ధతి చూడటానికి వచ్చిన రోజు, రోహిణి స్పిరిట్ సీసాను ఒంపేసి నీళ్ళు నింపాను. కడగడంలోనే డీఎన్‌ఏ కొట్టుకుపోయింది. అతినీలలోహిత దీపం కింద, డీఎన్‌ఏ ఉంటే వెలగాల్సిన గీత వెలగలేదు. ఆమె సీసా వాసన చూసింది.

“సారూ, ఇది స్పిరిట్ కాదండి. ఎవులో నీళ్ళు పోసీసినారు. మీరొకపాలి సూడండి.”

“తప్పు నీ చేతిలో పెట్టుకుని సీసా మీదకు నెడతావేం?” అన్నాను. లాక్కుని సింకులో పారబోశాను.

ఆమె నా కళ్ళలోకి చూసింది. నా పనేనని ఆమెకు తెలిసిపోయింది. నెల తిరక్కుండా మానేసింది. పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతోందని తర్వాత విన్నాను. పలాస మీదుగా ఎన్నిసార్లు వెళ్ళినా, బస్సు దిగి ఒక్క మాట చెప్పడానికి నా చదువూ నా ఉద్యోగమూ నా వయసూ ఏవీ నాకు సరిపోలేదు.

అంతటితో ఆగానా? కిట్లు రాని ఏడాది ఆ గాజుపొడి పద్ధతినే బయటికి తీశాను. పిల్లలకు చక్కగా వచ్చింది. ప్రాక్టికల్ పుస్తకంలో నా పేరుతో అచ్చయింది. శాలువా కప్పితే వంగి మరీ కప్పించుకున్నాను.

ఆ పద్ధతి రోహిణిది. చెడగొట్టింది నేను, దొంగిలించిందీ నేనే. క్షమాపణ అడగను, అడిగే ముఖం లేదు. రాశాక మాత్రం గుండె తేలికైంది. చూశారా, ఇందులోనూ బాగుపడింది నేనే.