ఫ్లెక్సీ లేని చావు

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. సాయంత్రం ఫోన్‌లో సర్కారు బులెటిన్ చూస్తే ఒళ్లు మండేది. రాష్ట్రమంతటికీ వాళ్లు చెప్పే చావుల్లో సగం మా సిద్దిపేట చౌరస్తాల్లోనే కనిపిస్తున్నట్టుండేది. పొద్దున పాలకు వెళ్తే చాలు, కొత్త శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. దండ బొమ్మ మధ్యలో ఫొటో, కింద పేరు, తేదీ.

ఇరవై ఏళ్లుగా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నదాన్ని, ఊరుకుంటానా? ఫ్లెక్సీలన్నీ బుక్కులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఫొటో లేనిది రాయకూడదని నియమం కూడా పెట్టుకున్నాను. రేపెవరైనా కాదంటే మొహాన కొట్టాలి కదా. “వీళ్లందరు కరోనాతోనే పోయిన్రా?” అని మా ఆయన అడిగితే, “ఈ నెలల ఇంకెట్ల పోతరు?” అని నోరు మూయించాను.

మా వీధి చివరి స్కూల్లో టీకాల క్యాంపు పెట్టినప్పుడు ఆ బుక్కు చంకలో పెట్టుకునే వెళ్లాను.

“సర్కారు చెప్పే గీ చావుల లెక్కలు మీరన్న నమ్ముతరా?” అని బుక్కు తెరిచి చూపించి నర్సమ్మను నిలదీశాను.

“పొద్దటి సంది కూసోలే మేడం. లిస్టుల ఉన్న పేరుకు టిక్కు పెడ్తున్నం, గంతే.”

“మనిషి మొహం చూడకుంట టిక్కు పెడితే అది లెక్క కాదు, దొంగరాత.”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. “మేడం బుక్కే అసలు లెక్క” అన్నాడు ఒకాయన. నర్సమ్మ తల వంచుకుని పని చేసుకుంది. నేను గెలిచాననుకుని ఇంటికొచ్చి, చాయ్ పెట్టుకుని తాగాను.

నా బుక్కే అసలు లెక్కన్న మాట వీధంతా పాకింది. ఓ రెండు నెలలకు, మాకు రెండిళ్ల అవతల బట్టలు కుట్టే ఆమె వచ్చింది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. ఆమె భర్త పాత తాళాలు బాగుచేసేవాడు. ఆ ఎండాకాలంలోనే దగ్గుతో దవాఖానకు పోయి మళ్లీ రాలేదు. అంబులెన్సు వాళ్లింటి ముందు ఆగి, దూరం నుంచే ముఖం చూపించి, ఖబరస్తాన్ వైపు వెళ్లిపోవడం నేను కిటికీలోంచి చూశాను. భయంతో తలుపు తీయలేదు.

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. “గిదేందో చదువక్కా.”

రెండో డోసు విజయవంతంగా వేయించుకున్నారని, ఆయన పేరుతో మెసేజ్. చదివి చెప్పాను.

“మట్టి చేసి రెండు నెలలాయె. సూది ఎవరికేసిన్రు మరి? దవాఖాన కాయితంల గుండె ఆగిందని రాసిన్రు. గుండె ఆగకుంట ఎవరన్న సస్తరా అక్కా? సర్కారు లెక్కల మా ఆయన కరోనాతోని పోనే పోలే. నువ్వైతే సక్కగ రాసినవంట కద. నీ బుక్కుల ఉన్నడా?”

లేడు. ముస్లింల ఇళ్లలో పోయినవాళ్ల ఫొటోలు చౌరస్తాలో కట్టే అలవాటు లేదు. మా వీధిలో సగం వాళ్లే. ఏటా శాంపిల్ గురించి పాఠం చెప్పేదాన్ని, నాకది ఆ క్షణం దాకా తట్టలేదు. కిటికీలోంచి కళ్లారా చూసిన చావును కూడా, ఫ్లెక్సీ లేదని, రాయలేదు.

ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు. ఆ సంగతి మాత్రం నాకు వెంటనే గుర్తొచ్చింది. బుక్కు తెరిచి, ఏదో ఒక పేరు మీద వేలు పెట్టాను.

“ఉన్నడు. గిదిగో.”

అది హుస్నాబాద్ రోడ్డులో కట్టిన ఎవరో ఎరువుల వ్యాపారి ఫ్లెక్సీలోని పేరు. ఆ అక్షరాలను ఆమె వేలితో మెల్లగా తడిమింది. “ఒక్క జాగలనన్న ఉన్నడు” అని దుపట్టాతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

నర్సమ్మ కనీసం లిస్టులో ఉన్న పేరుకే టిక్కు పెట్టింది.

ఆమె వెళ్లగానే ఆయన పేరు రాద్దామని కూర్చున్నాను. మెసేజ్‌లో ఉన్న పొట్టిపేరు తప్ప పూర్తి పేరు తెలియదు. ఏ తారీఖున పోయాడో తెలియదు. అడగాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. మూడు రోజులు ఆమె ఇంటి ముందు నుంచి కాక చుట్టూ తిరిగి కాలేజీకి పోయాను. నాలుగో రోజు బుక్కు పట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను.

“ఆయన పూర్తి పేరు, తారీఖు చెప్పు. రాసుకుంట.”

మిషన్ ఆగింది. “ఆ దినం సూపెట్టినవు కదక్కా?”

“అది ఇంకెవలదో. నీకు అబద్ధం చెప్పిన.”

కుడుతున్న గుడ్డ మిషన్ మీంచి తీసి మడతపెట్టింది. తర్వాత తండ్రి పేరుతో సహా ఆయన పేరు చెప్పింది, తారీఖు చెప్పింది. రాసింది పైకి చదవమంది. చదివాను.

“మా గల్లీల ఇంక నలుగురున్నరు. వాళ్లయి గూడ రాయి” అంది.

ఎప్పుడు వెళ్లినా స్టూలు జరిపి కూర్చోమనే మనిషి, ఆ రోజు అనలేదు. నిలబడే రాసుకున్నాను.